అమ్మ ముఖం చూస్తూ వేసిన తెడ్లు

విమలకి ఇప్పుడు నీళ్ళంటే భయం పట్టుకుంది. ఆ మాట తనే చెప్పింది, పోయిన వారం ఇందుకూరుపేటలో మా ఇంటికి వచ్చినప్పుడు, కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, తాగకుండా. మేమిద్దరం ఒకప్పుడు ఒకే పడవలో ఒకరి వెనక ఒకరం కూర్చుని జాతీయ రోయింగ్ పోటీల్లో తెడ్లు వేసినవాళ్ళం. ఇప్పుడు ఇద్దరం యాభై దాటాం. నేను ఈ మండలంలోనే బడిపిల్లలకు ఆటలు నేర్పిస్తున్నాను, తను నెల్లూరులో కాపురం. తనకు లేక లేక పుట్టిన కూతురు కీర్తి జూనియర్ల పోటీలకు ఎంపికైంది. అదే హైదరాబాదు, అదే హుస్సేన్ సాగర్, మేము దిగిన రకం పడవే, ఇద్దరు మనుషులు, మనిషికి రెండేసి తెడ్లు. సంబరంగా చెప్పవలసిన కబురు. విమల మాత్రం గోడ వైపు చూస్తూ చెప్పింది. "గుండె దడగా ఉండాది సుగుణా. ఒక్కదాన్నే ఆ గట్టు మీద నిలబడలేను. నువ్వు రావాల." నాకు తెలిసిన విమల ఎన్నడూ ఎవరినీ తోడు రమ్మని అడగలేదు. తోడు వచ్చేది ఎప్పుడూ తనే.

ఆమె వెళ్ళిపోయాక గ్లాసులు కడుగుతుంటే ఫోన్ మోగింది. బంగాళాఖాతంలో అల్పపీడనం, కోస్తా వాళ్ళు జాగ్రత్తగా ఉండండి అని ప్రభుత్వం పంపే సందేశం. అలాంటివి ఏడాదికి ఎన్నో వస్తాయి, చదివి పక్కన పెడతాం. ఆ సాయంత్రం మాత్రం పక్కన పెట్టలేకపోయాను. పోటీలూ తుఫానూ ఒకేసారి రావడం నా బతుకులో ఇంతకు ముందు ఒకసారి జరిగింది. దాన్ని గురించి నేను ఇంట్లో వాళ్ళతో కూడా పూర్తిగా మాట్లాడింది లేదు.

మాది తడకు తూర్పున, పులికాట్ సరస్సు నడుమ ఉండే ఒక దీవి. చేపలు పట్టి బతికే ఇళ్ళు తప్ప వేరే ఇళ్ళు లేవు. తెల్లవారేసరికి నాయన వల భుజాన వేసుకుని రేవుకు పోయేవాడు. ఎండ ముదిరే వేళకు అమ్మ పెద్ద అండాలో ఉప్పునీళ్ళు మరిగించి రొయ్యలు ఉడికించేది. ఆ ఆవిరి వాసన, తాటాకు చాపల మీద ఎండుతున్న రొయ్యపొట్టు వాసన, నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బురదలోంచి లేచే వాసన, ఇవి మూడూ కలిసిందే నాకు మా ఊరు. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, వాకిట్లో కూర్చుని మేకలతో మాట్లాడుతుండేది. మనుషులతో మాట్లాడిన దానికంటే మేకలతో మాట్లాడిందే ఎక్కువ. హైస్కూలుకు పోవాలన్నా, మందుబిళ్ళ తేవాలన్నా, పెళ్ళికి పోవాలన్నా పడవే. సరస్సు లోతు చాలాచోట్ల మనిషి నడుము దాకానే ఉంటుంది కాబట్టి మా వాళ్ళు తెడ్లు వేయరు. పొడుగాటి గెడ అడుగున ఆనించి, నిలబడి తోస్తారు. నాకు నడక వచ్చిన కొన్నాళ్ళకే గెడ తోయడమూ వచ్చింది.

అమ్మది మాత్రం ఆ నీళ్ళలో పుట్టిన మనిషి తీరు కాదు. ఆమెకు ఎప్పుడూ భయమే. పొద్దువాలే వేళకు ఇంటిపని ఎక్కడిదక్కడ వదిలేసి రేవులో నిలబడేది. ఒక్కో పడవా వచ్చి ఆగుతుంటే ఎవరెవరు దిగారో చూసుకునేది. మా నాయన దిగాక కూడా ఇంటికి వచ్చేది కాదు, చివరి పడవ చేరేదాకా అక్కడే. గాలి మారిన రోజు చాటలో బియ్యం పోసుకుని ఏరేది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరేది. ఆమె అన్న ఒకడు సముద్రం మీదికి పోయి తిరిగి రాలేదని, అప్పటికి ఆమె చాలా చిన్నదని అవ్వ చెప్పేది. అమ్మ నోట ఆ మాట నేను వినలేదు.

నెల్లూరులో బడుల ఆటల పోటీలప్పుడు కృపాకర్ సారు నన్ను చూశారు. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి, హైదరాబాదులో ఆడపిల్లలకు రోయింగ్ నేర్పేవారు. నీళ్ళ పక్క పెరిగిన పిల్లలు కావాలని కోస్తా అంతా తిరుగుతూ వచ్చి, నా చేతుల పొడవు చూసి, మా హెడ్మాస్టరుతో మాట్లాడారు. క్రీడా హాస్టల్లో చదువు, తిండి అన్నీ వాళ్ళే చూసుకుంటారంటే నాయన సరేనన్నాడు. అమ్మ చాట ముందేసుకుని కూర్చుంది. మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నేలమీద కూర్చుని, కాళ్ళు ముడిచి చాపి, రోయింగ్ ఎలా చేస్తామో చూపించాను. ఆ పడవలో మన వీపు వెళ్ళేవైపు ఉంటుందని, మనం వదిలివచ్చిన ఒడ్డే మనకు కనిపిస్తుందని చెప్పాను. అమ్మకు అది అస్సలు మింగుడుపడలేదు. "పొయ్యే తావు చూడకుండా పడవ నడిపేది ఏం పందెం మే అది?" అంది. నాయన నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

విమల హాస్టల్లో పరిచయం. బిట్రగుంట రైల్వే కాలనీ పిల్ల, వాళ్ళ నాన్న రైల్వేలో గార్డు. నీళ్ళ పక్క పుట్టిన పిల్ల కాదు, చేరేనాటికి ఈత కూడా రాదు. అయినా భయం అనేది ఎక్కడుంటుందో తెలియనట్టు ఉండేది. మా జంట పడవలో తను ముందు కూర్చుని వేగం నిర్ణయించేది. నేను తన వీపు వెనక కూర్చుని ఆ వేగానికి కలపాలి, మధ్యమధ్య మెడ తిప్పి దారి చూడాలి. పొడుగ్గా, సన్నగా, పొట్లకాయలా ఉండే పడవ అది, ఊపిరి గట్టిగా పీలిస్తే పక్కకి ఒరిగేది. తెల్లవారుజామున హుస్సేన్ సాగర్ మీద పొగమంచు, చెరువు కంపు, సారు గట్టున సైకిల్ మీద మా వెంట వస్తూ ఒకటే మాట, కలవండి, కలవండి అని. ఏళ్ళ తరబడి నేను చూసిందల్లా విమల వీపు, దాని మీద ఊగే జడ. ఆమె ముఖంలో ఏముందో నాకు తెలిసేది కాదు. నా ముఖంలో ఏముందో ఆమెకూ తెలిసేది కాదు. కానీ తెడ్డు నీళ్ళలో పడ్డ తీరును బట్టి ఇద్దరికీ అన్నీ తెలిసిపోయేవి.

ఆ ఏడు జాతీయ పోటీలు మా చెరువులోనే జరిగాయి. దేశం నలుమూలల నుంచీ సీనియర్ జట్లూ జూనియర్ జట్లూ వచ్చాయి. గట్టంతా పడవలు బోర్లించి, తడి చొక్కాలు ఆరేసి, ఎన్నో భాషల్లో కేకలు. మేము మొదటి పందేనికి దిగే రోజు పొద్దున్న హాస్టల్ వంటమనిషి రేడియో వింటోంది. తుఫాను నెల్లూరుకు, మద్రాసుకు మధ్య తీరం దాటవచ్చని అందులో చెప్పారు. నేను చేతిలో ఉన్న ఇడ్లీ కంచంలో పెట్టేశాను. నెల్లూరుకూ మద్రాసుకూ మధ్య ఉన్నది మా ఊరే. దీవిలో ఫోన్ లేదు. ఎవరిని అడగాలో తెలియదు.

ఆ పందెంలో నేను మెడ తిప్పి దారి చూడడమే మరిచిపోయాను. పడవ మెల్లగా పక్క జట్టు దారిలోకి పోయింది. తెడ్లు తగులుకునేంత దగ్గరికి వెళ్ళాక న్యాయనిర్ణేత జెండా ఊపి హెచ్చరించాడు. ఫైనల్‌కు చేరడమైతే చేరాం, ఆఖరి వాళ్ళుగా. గట్టెక్కాక సారు నన్ను కోప్పడలేదు, దానికి ఇంకా భయం వేసింది. నా బదులు ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టే ఆలోచన ఆయనకు ఉందని తర్వాత తెలిసింది. విమల అందుకు ఒప్పుకోలేదట. సుగుణ దిగకపోతే నేనూ దిగను అని చెప్పి, అసలు సంగతి ఏమిటో కూడా ఆయనకు ఆమే చెప్పింది. సారు సాయంత్రం విమలను వెంటబెట్టుకుని సికింద్రాబాదు స్టేషనుకు పోయారు. రైల్వే వాళ్ళకు ఊరూరికీ వాళ్ళ సొంత ఫోన్లు ఉండేవి. అక్కడివాళ్ళను బతిమాలి బిట్రగుంటలో ఉన్న విమల నాన్నకు కబురు చేయిస్తే, ఆయన తడ స్టేషనును అడిగాడు.

మర్నాడు ఫైనల్ రోజు పొద్దున్న సారు నన్ను పడవల షెడ్డు వెనక్కి పిలిచారు. ఆయన మాటలు దాచే మనిషి కాదు. మా దీవి ఆడవాళ్ళనూ పిల్లలనూ గాలి రాకముందే తడ హైస్కూలుకు చేర్చారని, వాళ్ళలో మా అమ్మ ఉందని, మా నాయన మాత్రం లేడని, ఆయన దీవిలోనే ఉండిపోయాడని, అంతవరకు చెప్పాక ఫోన్ తీగలు తెగిపోయాయని చెప్పారు. రైళ్ళు కూడా ఆగిపోయాయి. "ఇవాళ నువ్వు బయల్దేరినా ఊరు చేరలేవమ్మా. దిగడం, మానడం నీ ఇష్టం. ఏదైనా నేను ఏమీ అనను," అన్నారు.

ఎందుకు దిగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నా ప్రమేయం లేకుండా చేతులు తెడ్లకు గ్రీజు రాస్తున్నాయి. విమల పక్కన కూర్చుని ఒకటే అంది, ఊరికే కూర్చుంటే ఇంకా భయం సుగుణా అని. దిగాం. జెండా పడింది. మొదట్లోనే వెనకబడ్డాం. ముందురోజు చేసిన తప్పు మళ్ళీ చేస్తానేమోనన్న గాభరాతో మూడు తెడ్లకొకసారి వెనక్కి తిరుగుతున్నాను. తిరిగినప్పుడల్లా పడవ ఊగుతోంది, తెడ్డు నీళ్ళ మీద జారుతోంది. విమల తల తిప్పకుండానే ఊపిరికీ ఊపిరికీ మధ్య చెప్పింది. "చూడొద్దు. గట్టున తెల్ల మేడ ఉండాదే, అది నా తల మీద ఉండేట్టు చూసుకో. చాలు." మేము బయల్దేరిన గట్టు మీద ఒక తెల్లటి మేడ ఉంది. దాన్ని విమల తలకు నేరుగా పెట్టుకుని లాగడం మొదలుపెట్టాను. తర్వాత మెడ తిప్పలేదు. తెడ్లు కలిశాయి. పక్కన ఒక పడవ మాకు ఎదురుగా, వెనకగా కనిపించింది, అంటే దాన్ని దాటేశామన్నమాట. కాసేపటికి ఇంకొకటి. ముగింపు దగ్గర బూర ఊదినప్పుడు మూడో స్థానం అని చెప్పారు. నేను తెడ్లు వదల్లేకపోయాను, వేళ్ళు విచ్చుకోలేదు. విమల వెనక్కి వాలి నా మోకాళ్ళ మీద తల పెట్టుకుని పడుకుంది. మెడలో పతకాలు వేసినప్పుడు నేను సారు వైపు చూసి, రైళ్ళు నడుస్తున్నాయా అని అడిగాను.

రైళ్ళు నడవగానే బయల్దేరాం. విమల బిట్రగుంటలో దిగిపోవాలి. ప్లాట్‌ఫారం మీద వాళ్ళ నాన్న టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడ్డాడు. విమల కిటికీలోంచి క్యారియర్ అందుకుంది, దిగలేదు. సుగుణతో తడ దాకా పోయొస్తా నాయనా అంది. ఆయన కూతురి వైపు చూసి, నా వైపు చూసి, జాగర్త అని మాత్రం అన్నాడు. గూడూరు దాటాక బండి ఇక కదలలేదు. పట్టాల పక్క పొలాలన్నీ ఒకటే నీళ్ళు, కరెంటు స్తంభాలు పడుకుని ఉన్నాయి. బియ్యం మూటలు తీసుకుపోతున్న లారీ ఎక్కి, మూటల మీద కూర్చుని తడ చేరాం. దారి పొడుగునా విమల నాతో తినిపించాలని చూసింది.

హైస్కూలు నిండా మనుషులు. తడిసిన గుడ్డల వాసన, కిరసనాయిలు వాసన, గంజి వాసన. అమ్మ వరండా చివర స్తంభానికి ఆనుకుని తూర్పుకు తిరిగి కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, ఏడవలేదు. తిన్నావా అని అడిగింది. తర్వాత నేను అడక్కుండానే చెప్పుకుపోయింది. అందరూ పడవలెక్కుతుంటే అవ్వ మేకల్ని వదిలి రానని కూర్చుందట. మీరు పోండి, అవ్వను నేను మళ్ళీ విడతలో తీసుకొస్తానని నాయన దిగిపోయాడట. మళ్ళీ విడత లేకుండానే గాలి వచ్చేసింది. లాంచీ వస్తుందని అధికారులు చెబుతున్నారు, ఇంకా రాలేదు. చెబుతున్నంతసేపూ అమ్మ చీర చెంగు మీద ఏదో ఏరుతున్నట్టు వేళ్ళు కదుపుతూనే ఉంది.

ముగ్గురం రేవుకు పోయాం. పడవలు చాలావరకు పగిలిపోయి ఉన్నాయి. ఒకటి మాత్రం పగలకుండా ఉంది. దాని పక్కన కోటయ్య మామ, మా దీవిలో అందరికంటే వయసుమళ్ళిన పడవవాడు, తల పట్టుకుని కూర్చున్నాడు. గెడ అందడం లేదని చెప్పాడు. సముద్రమూ ఏర్లూ కలిసి సరస్సులోకి పొంగాయి, నడుములోతు ఉండేచోట గెడ మొత్తం మునిగినా అడుగు తగలడం లేదు. గెడ అందని పడవ మా వాళ్ళ చేతుల్లో పడవే కాదు. ఎట్టా పోతార్రా, తోసేదానికి నేల ఏదీ అన్నాడు. విమల అప్పటికే ఇసుకలో కూరుకుపోయిన ఒక జత తెడ్లను లాగుతోంది. సముద్రపు పడవవి, పొడుగ్గా, మోటుగా ఉన్నాయి. ఇవి కట్టేదానికి తాడుందా పెద్దాయనా అని అడిగింది.

కోటయ్య మామ అమ్మ వైపు చూశాడు. నేనూ చూశాను. అమ్మ వద్దంటే నేను ఆగిపోయేదాన్ని, ఆ మాట నిజం. పొద్దువాలితే రేవు వదలని మనిషి, నేను నేలమీద కూర్చుని చూపించినప్పుడు కూడా నవ్వని మనిషి. అమ్మ చెంగు నడుముకు చుట్టుకుని, నీళ్ళలోకి నడిచి, అందరికంటే ముందు పడవెక్కి చివర కూర్చుంది.

"నేను దారి చెప్తా," అంది. "మీరెట్టాగూ ఎనక్కి తిరిగి కూర్చునేవాళ్ళే గదా."

కోటయ్య మామ తెడ్లను పడవ అంచుకు మోకుతో కట్టి, పడవను లోతుకు తోసి వదిలాడు. విమల ఒక పక్క, నేను ఒక పక్క, ఒకరి వెనక ఒకరం. మా సన్న పడవకూ దీనికీ పోలిక లేదు, బండను లాగినట్టుంది. తెడ్డు పిడి అరచేతుల్ని కొరికేసింది. ఒడ్డు దూరమవుతూ కనిపిస్తోంది. దానికంటే దగ్గరగా, మాకు ఎదురుగా అమ్మ ముఖం. మేము పోయేవైపు ఏముందో మాకు కనబడదు. అమ్మ కళ్ళు మా తలల మీదుగా అటే చూస్తున్నాయి. విమలా, నీ పక్క జాస్తి లాగు. మే సుగుణా, నువ్వు ఆపు, ఆపు. ఇప్పుడు ఇద్దరూ. ఆమె గొంతులో వణుకు లేదు. పక్కగా ఇంటికప్పులు తేలుకుంటూ పోయాయి, తాటిమొద్దు ఒకటి పోయింది, కడుపు ఉబ్బిన మేక ఒకటి పోయింది. ఆ మేక పోయేటప్పుడు అమ్మ చూపు ఒక క్షణం కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. నేను లాగుతూ ఆమె ముఖాన్నే చదువుతున్నాను. కనుబొమలు ముడిపడితే ఏం చూసిందో అని, పెదవి కదిలితే ఏం చూసిందో అని. అంత భయం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు, నా పురుళ్ళప్పుడు కూడా.

చాలాసేపటికి అమ్మ మాట్లాడడం మానేసింది. దారి చెప్పడం కూడా మానేసింది. మా దీవిలో ఉన్న చిన్నబడి డాబా కనిపించే చోటికి వచ్చి ఉంటామని అలవాటు మీద నాకు తెలుసు. ఆమె ముఖం బిగుసుకుపోయి ఉంది, ఏమీ తెలియడం లేదు. విమల అడిగింది, ఏంది పెద్దమ్మా అని.

"ఉండారు," అంది అమ్మ.

అమ్మ నాయన్ని గురించి ఎప్పుడు చెప్పినా ఆయన వచ్చినాడు, ఆయన ఉండాడు అనే చెప్పేది. ఉండారు అని ఎన్నడూ అనలేదు. ఆ ఒక్క అక్షరం నా చెవిలో పడి, దాని అర్థం తలకెక్కేలోపు రెండు తెడ్లు వేసి ఉంటాను. ఇద్దరూ ఉన్నారు. అప్పుడు గానీ నేను మెడ తిప్పి చూడలేదు.

నాయన బడి డాబా మీద పిట్టగోడకు ఆనుకుని ఉన్నాడు, అవ్వను తువ్వాలతో తన నడుముకు కట్టుకుని. అవ్వ మమ్మల్ని చూడగానే మేకలన్నీ పోయినాయి మే అని చెప్పింది, ఇంకేమీ చెప్పలేదు. నాయన కుడిచేయి చూశాక నేను అవ్వ మాట వినడం మానేశాను. పడవను బడి స్తంభానికి కట్టబోతుంటే అల ఎత్తి కొట్టి, చేయి పడవకూ స్తంభానికీ మధ్య నలిగిపోయిందట. మణికట్టు కింద అంతా నల్లగా వాచిపోయింది. నెల్లూరు ఆస్పత్రిలో వేళ్ళు తీసేశారు. తర్వాత నాయన గెడ పట్టలేదు.

నేను హాస్టలుకు తిరిగి పోలేదు. అది త్యాగమని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. పడవకు మనిషి కావాలి, ఇంట్లో నేను ఉన్నాను. కొన్నాళ్ళు నాయన పడవ నేనే నడిపాను. చదువు ప్రైవేటుగా కట్టి, తర్వాత ఆటల టీచరు శిక్షణకు పోయి, ఉద్యోగం వచ్చి, పెళ్ళయి ఇటువైపు వచ్చేశాను. విమల ఇంకో అమ్మాయితో జూనియర్లు దాటి సీనియర్లలోకి పోయి, ఏళ్ళ తరబడి పతకాలు తెచ్చుకుంది. పేపర్లో ఫొటో వచ్చినప్పుడల్లా ముందు చూసేది ఆమె వెనక కూర్చున్న అమ్మాయినే. ఆ పేపరు మడిచి అవతల పెట్టేసేదాన్ని. విమల ప్రతి సెలవులకూ మా ఇంటికి వచ్చేది కాబట్టి ఆ అసూయ ఎక్కువకాలం నిలవలేదు.

హైదరాబాదుకు మొన్న వెళ్ళాం. గట్టు గుర్తు పట్టలేనంత మారింది. పిల్లల చేతులకు గడియారాలు, అవి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెబుతాయి. పడవల వెంట మోటారు బోట్లు, వాటిలో ఈతగాళ్ళు సిద్ధంగా ఉంటారు. గట్టు మీద ఉన్న తల్లిదండ్రులందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. పందెం కళ్ళ ముందు జరుగుతుంటే ఫోన్లో చూస్తున్నారు. తుఫాను ఎక్కడుందో, ఎటు తిరిగిందో, ఎప్పుడు తీరం దాటుతుందో నేనూ రంగురంగుల పటంలో గంటగంటకూ చూసుకుంటూనే ఉన్నాను. అప్పుడు ఏ కబురూ అందక భయపడ్డాం. ఇప్పుడు అన్ని కబుర్లూ అందుతున్నాయి, అయినా కీర్తి పడవ గీత దగ్గర నిలబడేసరికి విమల నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఆమె పాత బలమంతా ఉంది, గాజు చిట్లింది. పడవలో కూర్చుంటే ఏమీ అనిపించేది కాదు గదా మే, గట్టు మీద ఎట్టుంటాదో నాకు తెలియదు అంది. మా అమ్మకు తెలుసు అన్నాను. కీర్తి వాళ్ళు నాలుగో వాళ్ళుగా వచ్చారు. ఆ పిల్ల ఒడ్డెక్కి, చెంపలు ఎర్రగా కందిపోయి, ఆకలేస్తాంది అమ్మా అంది. విమల కూతుర్ని పట్టుకుని కదలకుండా నిలబడింది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. చూపు తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. పందెం కాగానే ఇంట్లో ఉన్న మా అబ్బాయి ఫోన్‌లో వీడియో కలిపి ఆమెను చూపించాడు. కీర్తి ఎన్నోది వచ్చిందని అడిగి, నాలుగో స్థానమంటే తల ఊపింది.

"మీరో?" అంది.

"మేమేందమ్మా?"

"ఆ తుఫానప్పుడు నువ్వూ ఆ పిల్లా దిగినారే. మీరు ఎన్నోవాళ్ళుగా వచ్చినారు?"

విమల పక్కనుంచి ముఖం పెట్టి, మూడోవాళ్ళం వచ్చినాం పెద్దమ్మా, పతకం కూడా ఇచ్చినారు అని చెప్పింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నాయన చేయి అలా ఉండగా పతకం సంచీలోంచి తీయబుద్ధి కాలేదు, తర్వాత తీసే సందర్భం రాలేదు. నాయన పోయి కూడా చాలా ఏళ్ళయింది.

"మీ నాయన ఆస్పత్రిలో నన్ను అడిగినాడు," అంది అమ్మ. "బిడ్డ పందెం ఏమయిందో కనుక్కో అని. నువ్వే అడుగయ్యా అన్నా. తన వల్లే నువ్వు ఆడికి తిరిగి పోలేకపోతివని, అడిగేదానికి ఆయనకి మొకం చెల్లలా. నాకూ చెల్లలా."

చుట్టూ తర్వాతి పందెం కేకలు మొదలయ్యాయి. అమ్మకు అవి వినపడి ఉంటాయి, కొంచెం గొంతు పెంచింది.

"మూడోవాళ్ళంటే బాగానే లాగినారు. ఇంటికొచ్చి మొదుట్నించి చెప్పు, నేను వింటా. గాలి లేస్తా ఉండాది ఈడ, తొందరగా బయల్దేరండి."

బయల్దేరుతున్నామని చెప్పాను.